మీ ఒంట్లో గడియారం ఏ టైమ్ జోన్‌లో ఉంది?

ఈ సంచికకి తెలుగులో ఒక టెక్నికల్ వ్యాసం కావాలని క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు, సీఎస్ఈ కాబట్టి నా నుంచి ఏఐ గురించో సైబర్ సెక్యూరిటీ గురించో వస్తుందనుకుని ఉంటారు. నేను నిద్ర గురించి రాస్తున్నాను. నవ్వకండి, ఇదీ ఒకరకంగా క్లాక్ సింక్రనైజేషన్ సమస్యే. పైగా ఈ సబ్జెక్టులో నాకు థియరీతో పాటు ల్యాబ్ కూడా అయింది. ఏడాదిగా నిద్ర లయ తప్పే జబ్బుకీ, దానితో కలిసి వచ్చిన డిప్రెషన్‌కీ ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నాను. డాక్టర్ చెప్పిందీ నేను చదివిందీ అంతా ఇంగ్లిష్‌లోనే. ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలకి చెప్పబోతే తెలుగులో ఒక్క వాక్యం కూడా సరిగ్గా రాలేదు. ఆ లోటు ఇక్కడ తీర్చుకుంటున్నాను. ఇంగ్లిష్ మీడియం చదువు, భాష ఎక్కడైనా తడబడితే సర్దుకుపోండి.

ముందు పేరు. మన పేపర్లలో దీన్ని జీవగడియారం అంటారు. ఇంగ్లిష్‌లో సర్కేడియన్ రిథమ్. లాటిన్‌లో సర్కా అంటే సుమారు, డియెస్ అంటే రోజు. 1959లో ఫ్రాంజ్ హాల్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త ఈ మాట తయారుచేశాడు. ఇందులో అసలు కథంతా ఆ "సుమారు" అనే మాటలోనే ఉంది. మన ఒంట్లో గడియారం సరిగ్గా ఒక రోజుకి కాదు, సుమారు ఒక రోజుకి తిరుగుతుంది.

ఒంట్లో గడియారం ఉందని మొదట పట్టిచ్చింది మనుషులు కాదు, మన పెరట్లో ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి లాంటి మొక్క. 1729లో డి మైరాన్ అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త దాన్ని చీకట్లో పెట్టి చూశాడు. వెలుతురు లేకపోయినా పగటిపూట ఆకులు విచ్చుకున్నాయి, రాత్రికి ముడుచుకున్నాయి. అంటే ఎండని చూసి కాదు, లోపలి టైమ్ చూసి అన్నమాట. మా నాయనమ్మకి ఈ మొక్క కథ ఎక్కలేదు కానీ కోడి కథ ఎక్కింది. జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్ళు 2013లో కోడిపుంజుల్ని ఎప్పుడూ ఒకేలా ఉండే మసక వెలుతురులో పెట్టి చూశారు. తెల్లారిందో లేదో తెలిసే దారి లేకపోయినా అవి తెల్లవారుజాము టైముకే కూశాయి. "దానికి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది" అంది నాయనమ్మ. ఆవిడ దృష్టిలో అది పరిశోధన అవసరమైన విషయమే కాదు.

మనిషిలో ఈ గడియారం మెదడు అడుగున, రెండు కళ్ళ నరాలు కలిసి దాటే చోటికి సరిగ్గా పైన ఉంటుంది. సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు. ఒక్కో కణం లోపల జరిగేది ఫీడ్‌బ్యాక్ లూప్. పీరియడ్ అనే జన్యువు ఒక ప్రోటీన్ తయారుచేయిస్తుంది. ఆ ప్రోటీన్ పోగై, కేంద్రకంలోకి వెళ్ళి, తనని పుట్టించిన జన్యువునే ఆపేస్తుంది. తర్వాత మెల్లగా కరిగిపోతుంది. ఆపేవాళ్ళు లేరు కాబట్టి జన్యువు మళ్ళీ మొదలు. ఈ చక్రానికి పట్టే టైమే సుమారు ఒక రోజు. ఈగల్లో దీన్ని విప్పిచూపినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ వచ్చింది.

బయటి వెలుతురు సంకేతాలు లేకుండా మనుషుల్ని ఉంచి కొలిస్తే ఈ గడియారం సగటున 24 గంటల 11 నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతుందని 1999లో హార్వర్డ్‌లో చార్లెస్ సైస్లర్ బృందం చూపించింది. 11 నిమిషాలే కదా అనుకోకండి. మన లాప్‌టాప్‌లోని క్వార్ట్‌జ్ క్లాక్ కూడా కొద్దికొద్దిగానే డ్రిఫ్ట్ అవుతుంది, అందుకే అది ఎన్‌టీపీ సర్వర్‌ని అడిగి సరిచేసుకుంటూ ఉంటుంది. మన ఒంటికి ఎన్‌టీపీ సర్వర్ సూర్యుడు. కంటి వెనక పొరలో చూపుతో సంబంధం పెద్దగా లేని కొన్ని ప్రత్యేక కణాలుంటాయి. వాటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ముఖ్యంగా నీలి వెలుతురుకి స్పందించి "బయట పగలు" అనే సమాచారాన్ని నేరుగా ఆ 20,000 కణాలకి చేరవేస్తుంది. ఆ సమాచారం సరిగ్గా అందకపోయినా, గడియారమే సాధారణం కంటే నిదానంగా తిరిగేదైనా, నిద్ర టైము జారుతుంది.

ఈ జారడంలో రకాలున్నాయి. సాయంత్రం ఏడింటికే నిద్ర ముంచుకొచ్చి రాత్రి రెండింటికి మెలకువ వచ్చేవాళ్ళు కొందరు. వెలుతురు సంకేతం అసలు అందని అంధుల్లో చాలామందికి నిద్ర రోజుకి కొంత చొప్పున జరుగుతూ గడియారం చుట్టూ తిరుగుతుంది. మన వయసువాళ్ళలో ఎక్కువ కనిపించేది మాత్రం ఆలస్యపు రకం. దీన్ని 1981లో ఎలియట్ వైట్జ్‌మన్, సైస్లర్ తదితరులు ఒక ప్రత్యేక జబ్బుగా వర్ణించారు. నాదీ ఇదే. ఎంత అలసిపోయినా తెల్లవారుజామున నాలుగున్నర దాకా నిద్ర రాదు. వచ్చాక మాత్రం ఎనిమిది గంటలు గాఢంగా పడుతుంది.

ఆ చివరి వాక్యమే దీనికీ మామూలు నిద్రలేమికీ తేడా. నిద్రలేమి ఉన్నవాడికి ఆదివారమైనా సెలవైనా నిద్ర సరిగ్గా పట్టదు. ఆలస్యపు రకంవాడిని అలారం లేకుండా వదిలేస్తే నిద్ర అద్భుతంగా ఉంటుంది, కాకపోతే తప్పు టైములో ఉంటుంది. డాక్టర్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే, సెలవుల్లో ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తావని. అప్పటిదాకా అందరూ కాలేజీ రోజుల గురించే అడిగారు.

"ఇది మా హాస్టల్ మొత్తానికి ఉంది" అని మీరనుకోవచ్చు. సగం నిజం. యుక్తవయసులో గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది. జర్మనీలో టిల్ రోనెబెర్గ్ వేలమంది నిద్రవేళలు పోల్చి, ఇరవై ఏళ్ళ ప్రాంతంలో ఈ ఆలస్యం అత్యధికంగా ఉండి ఆ తర్వాత తగ్గడం మొదలవుతుందని 2004లో చూపించాడు. మనం సరిగ్గా ఆ శిఖరం మీద కూర్చున్నాం. మిడ్స్ ముందు నాలుగు రాత్రులు మేలుకుని తర్వాత వారంలో సర్దుకుంటే అది జబ్బు కాదు. నెలల తరబడి, ఇష్టపడి ప్రయత్నించినా జరగకుండా, చదువునో ఒంటినో దెబ్బతీస్తుంటే అప్పుడు జబ్బు. కొన్ని కుటుంబాల్లో దీనికి జన్యు కారణం కూడా దొరికింది. క్రిప్టోక్రోమ్ 1 అనే జన్యువులో ఒక మార్పు వల్ల గడియారం నిదానిస్తుందని మైఖేల్ యంగ్ ల్యాబ్ వాళ్ళే 2017లో ప్రచురించారు. ఇది తెలిసిన రోజు నేను బద్ధకం అనే మాటని నా మీద నుంచి తీసి పక్కన పెట్టాను.

ఇక డిప్రెషన్. కుంగుబాటు అని రాస్తారు, కానీ మనం ఎవరం అలా అనం కాబట్టి డిప్రెషన్ అనే అంటాను. ఆలస్యపు నిద్ర ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మామూలుకన్నా చాలా ఎక్కువ. ఏది ముందు, ఏది వెనక అని అడిగితే రెండు దార్లూ ఉన్నాయి.

ఒక దారి ఇది. పొద్దున తొమ్మిదికి క్లాసు. నాలుగున్నరకి నిద్రపోయినవాడు ఎనిమిదింటికి లేస్తే మూడున్నర గంటల నిద్ర. అంతకన్నా ముఖ్యమైనది, మూడ్ కూడా గడియారం ప్రకారమే ఎక్కిదిగుతుంది, మన లోపలి రాత్రి చివరి భాగంలో బాగా అడుగుకి పోతుంది. బయట తొమ్మిది కొట్టినప్పుడు నా ఒంట్లో ఇంకా తెల్లవారుజామే. ఆ టైములో మెలకువగా ఉండి డేటా స్ట్రక్చర్స్ వినడమంటే, మీరు మూడున్నరకి లేచి వింటున్నట్టు. అది వారానికి ఆరు రోజులు. ఇంకో దారి దీనికి ఎదురుగా వస్తుంది. డిప్రెషన్‌లో ఉన్నవాడు కర్టెన్లు వేసుకుని పడుకుంటాడు, మెస్‌కి వెళ్ళడు, గ్రౌండ్‌కి వెళ్ళడు. వెలుతురు తగలదు, తినే టైము ఉండదు, మనుషులు కనిపించరు. అంటే గడియారాన్ని సరిచేసే సంకేతాలన్నీ ఒక్కొక్కటే ఆగిపోతాయి. అది ఇంకా జారుతుంది. జారేకొద్దీ మూడ్ ఇంకా పడుతుంది.

అందుకే ఒకదానికి మందేసి రెండోది అదే పోతుందిలే అనుకుంటే కుదరదు. నాకు మొదట చూసిన ఒక డాక్టర్ డిప్రెషన్‌కి మందు రాసి, నిద్ర దానంతటదే సర్దుకుంటుందన్నారు. ఏడుపు తగ్గింది. నిద్ర నాలుగున్నరకే ఉంది. అటెండెన్స్ 61 శాతానికి వచ్చింది, కండోనేషన్ ఫీజు కట్టే స్థాయి కూడా దాటిపోయింది. అటెండెన్స్ లిస్టు నోటీసు బోర్డు మీద చూసిన రోజు మూడ్ మళ్ళీ మొదటికొచ్చింది. డిప్రెషన్‌కి మందు పనిచేయలేదని కాదు. దాన్ని రోజూ ఉదయం ఇంకోటి వెనక్కి లాగుతోంది.

ఇక్కడి నుంచి వ్యాసంలో అసలు ముఖ్యమైన భాగం. ఇది ఒక్కటీ చదివి మిగతాది వదిలేసినా ఫర్వాలేదు.

మన ఇళ్ళల్లో ఈ సమస్యకి ఒకటే మందు: తెల్లవారుజామున లేపడం. బ్రహ్మముహూర్తంలో లేస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. ఇంటర్ రెసిడెన్షియల్‌లో చదివినవాళ్ళకి ఐదింటి విజిల్ తెలిసిందే. మా అమ్మ ఐతే ఐదున్నరకి లేచి గ్రౌండ్‌లో వాకింగ్ చెయ్యమంది, ఎండలో నడిస్తే మంచిదని తనూ ఎక్కడో చదివింది. పొద్దున వెలుతురు గడియారాన్ని ముందుకి తెస్తుందన్న మాట నిజమే. కానీ ఎవరి పొద్దున?

వెలుతురు అనే సిగ్నల్ ఏ టైములో తగిలిందన్న దాన్ని బట్టి దాని ఫలితం గుర్తే మారిపోతుంది, ప్లస్ మైనస్ అవుతుంది. మన శరీర ఉష్ణోగ్రత రోజూ కొద్దిగా ఎక్కిదిగుతుంది. అది అన్నిటికన్నా కిందికి దిగే ఒక పాయింట్ ఉంటుంది, మనం సహజంగా మేలుకునే టైముకి సుమారు రెండు మూడు గంటల ముందు. దాన్ని మినిమమ్ అందాం. మినిమమ్ తర్వాత కంటికి తగిలే వెలుతురు గడియారాన్ని ముందుకి జరుపుతుంది, అంటే రేపు కొంచెం తొందరగా నిద్రొస్తుంది. మినిమమ్‌కి ముందు తగిలే వెలుతురు వెనక్కి నెడుతుంది. మెదడు దాన్ని ఉదయం అనుకోదు, "ఓహో, సాయంత్రం ఇంకా అవలేదు" అనుకుంటుంది.

రాత్రి పదకొండుకి పడుకుని ఆరున్నరకి లేచేవాడి మినిమమ్ నాలుగు ప్రాంతం. వాడు ఐదున్నరకి వాకింగ్‌కి వెళ్తే లాభమే. నేను సహజంగా లేచేది మధ్యాహ్నం పన్నెండున్నరకి. నా మినిమమ్ తొమ్మిదిన్నర, పదీ ఆ మధ్య. నేను తెల్లారేసరికి గ్రౌండ్‌లో ఉండి ఎండ తగిలించుకుంటే నా నిద్ర ఇంకా వెనక్కి పోతుంది. అదే ఎండ, అదే గ్రౌండ్, ఎదురు ఫలితం. అమ్మ మాట విని మూడు వారాలు కష్టపడి లేచినవాడు "నేను దేనికీ పనికిరాను" అని తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. మామూలు జనానికి చెప్పే సలహా ఈ జబ్బున్నవాడికి జబ్బు పెంచే మందు అవుతుందని మన చుట్టుపక్కల ఎవరికీ తెలీదు.

మరి ట్రీట్‌మెంట్ ఎలా చేస్తారు? మొదట సహజంగా ఎన్నింటికి లేస్తున్నారో అక్కడి నుంచి మొదలుపెడతారు, ఎన్నింటికి లేవాలో అక్కడి నుంచి కాదు. నాకు వేసవి సెలవుల్లో మొదలుపెట్టారు, ఎందుకంటే కాలేజీ నడుస్తుండగా మధ్యాహ్నం పన్నెండుకి లేవడానికి పర్మిషన్ ఎవరూ ఇవ్వరు. పన్నెండుకి లేచి, లేచిన వెంటనే అరగంట మంచి వెలుతురులో కూర్చోవాలి. రెండు రోజులకోసారి లేచే టైము అరగంట ముందుకి. ఒక చోట ఇరుక్కుంటే అక్కడే నాలుగు రోజులు ఆగాలి, తొందరపడకూడదు.

మంచి వెలుతురు అంటే ఎంత? విదేశాల్లో 10,000 లక్స్ లైట్ బాక్స్ ముందు అరగంట కూర్చోబెడతారు. మన హాస్టల్ గదిలో ట్యూబ్‌లైట్ కింద మహా అయితే రెండు మూడు వందల లక్స్ ఉంటుంది. కంటికి తేడా పెద్దగా అనిపించదు, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. ఆ ప్రత్యేక కణాలకి మాత్రం మన క్లాసురూమ్ దాదాపు చీకటి. నేరు ఎండలో లక్ష లక్స్ దాకా ఉంటుంది. సూర్యుణ్ణి చూడాల్సిన పనేం లేదు, చూడకూడదు కూడా. మా ఊళ్ళో మే నెల మధ్యాహ్నం ఎండలో కూర్చుంటే ముందు వడదెబ్బ తగులుతుంది. నేను వరండాలో, ఆకాశం బాగా కనిపించేవైపు తిరిగి, టిఫిన్ తింటూ కూర్చునేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో మనం నార్వే వాళ్ళకన్నా ధనవంతులం.

మెలటోనిన్ గురించి వినే ఉంటారు. 1958లో యేల్ యూనివర్సిటీలో ఆరన్ లెర్నర్ వేరుచేసిన హార్మోన్ ఇది, చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి వదులుతుంది. చాలామంది దీన్ని నిద్రమాత్ర అనుకుంటారు. నిద్రమాత్రగా అది చాలా బలహీనం. దాని అసలు పని "చీకటి పడింది" అని గడియారానికి చెప్పడం. కాబట్టి దీనికీ టైమే ముఖ్యం, వెలుతురుకి సరిగ్గా ఎదురుగా పనిచేస్తుంది. పడుకోబోయే ముందు కాదు, సహజంగా నిద్రొచ్చే టైముకి కొన్ని గంటల ముందు వేసుకుంటేనే నిద్ర ముందుకి జరుగుతుంది. నాకు నాలుగున్నరకి నిద్ర వచ్చే రోజుల్లో మాత్ర రాత్రి పదిన్నరకి. నిద్ర ముందుకి వచ్చేకొద్దీ మాత్ర కూడా ముందుకి. డోసు అర మిల్లీగ్రాము చాలన్నారు. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ పనిచేస్తుందనేం లేదు, పొద్దునదాకా ఒంట్లో మిగిలిపోయి తప్పు టైములో తప్పు సంకేతం కూడా ఇవ్వొచ్చు. ఆస్ట్రేలియాలో చేసి 2018లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో ఆలస్యపు రకం వాళ్ళకి అర మిల్లీగ్రాము మెలటోనిన్, దానితో పాటు కట్టుదిట్టమైన నిద్రవేళలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే నిద్ర సగటున 34 నిమిషాలు ముందుకొచ్చింది. అద్భుతం కాదు. నిజాయితీగా చెప్పాలంటే ఈ ట్రీట్‌మెంట్ మొత్తం ఇలా అరగంటలు కూడబెట్టుకునే వ్యవహారమే.

కోడింగ్ వాళ్ళకి నచ్చే ఇంకో పద్ధతి ఉంది. గడియారం మాడ్యులో 24 కదా, ఐదు గంటలు ముందుకి లాగలేకపోతే పందొమ్మిది గంటలు వెనక్కి నెట్టు! రోజుకి మూడు గంటలు ఆలస్యంగా పడుకుంటూ పోతే వారంలో చుట్టు తిరిగి రాత్రి పదకొండుకి వచ్చేస్తారు. వైట్జ్‌మన్, సైస్లర్‌లు 1981లో చేసింది ఇదే, పనిచేసింది కూడా. వినగానే ఎవరైనా ఈ వీకెండే ట్రై చేద్దామనుకుంటారు. వద్దు. ఇలా చేశాక కొందరికి గడియారం ఎక్కడా ఆగకుండా తిరుగుతూనే ఉండిపోయిన కేసులు తర్వాత వైద్య పత్రికల్లో వచ్చాయి. ఇన్‌ఫినిట్ లూప్, కంట్రోల్ సీ లేదు.

డిప్రెషన్ వైపు చూస్తే, వెలుతురు దానికీ మందే అన్నది నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం. చలికాలంలో సూర్యుడు కనపడని దేశాల్లో వచ్చే డిప్రెషన్‌ని 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ బృందం వర్ణించి వెలుతురుతో వైద్యం చేసింది. అది ఆ రకానికే పనికొస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2016లో కెనడాలో రేమండ్ లామ్ బృందం, కాలంతో సంబంధంలేని మామూలు డిప్రెషన్ ఉన్న 122 మంది మీద ఎనిమిది వారాల ట్రయల్ ఫలితాలు ఇచ్చింది. లేచిన వెంటనే అరగంట వెలుతురు, ఫ్లూవాక్సెటీన్ మందు రెండూ కలిపి ఇచ్చినవాళ్ళలో 59 శాతం మంది దాదాపు పూర్తిగా కోలుకున్నారు. వెలుతురు ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 44, రెండూ ఉత్తుత్తివి ఇచ్చినవాళ్ళలో 30, మందు ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 19 శాతం. ఆ చివరి అంకె చూసి మందులు దండగ అనకండి. గ్రూపుకి ముప్ఫై మంది చొప్పున ఉన్న చిన్న ట్రయల్ అది, అదే మందు చాలా పెద్ద ట్రయల్స్‌లో పనిచేసింది. నాకు కావాల్సిన అంకె 59. రెండూ కలిపినప్పుడే ఎక్కువ.

నిద్రకీ మూడ్‌కీ ఎంత దగ్గర చుట్టరికమో చూపించే వింత ఒకటి చెప్పాలి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళని ఒక రాత్రంతా మేలుకోబెడితే, తెల్లారేసరికి సగం మందికి పైగా మూడ్ తేలికపడుతుంది! జర్మనీలో ట్యూబింగెన్‌లో 1971లో దీన్ని పద్ధతిగా నమోదు చేశారు. వారాలు పట్టే మందులు ఎక్కడ, ఒక్క రాత్రి ఎక్కడ. కానీ ఒక్కసారి కునుకు తీయగానే చాలామందికి డిప్రెషన్ తిరిగొచ్చేస్తుంది. అమెరికాలో థామస్ వేర్ 1979లో ఇంకోలా ప్రయత్నించాడు. ఒక పేషెంటు పడుకునే, లేచే టైములు రెండూ ఆరు గంటలు ముందుకి జరిపితే ఆవిడ డిప్రెషన్ సుమారు రెండు వారాలు పూర్తిగా పోయింది. ఇప్పుడు కొన్ని చోట్ల హాస్పిటల్లో పెట్టుకుని మేలుకొలుపు, వెలుతురు, నిద్ర జరపడం మూడూ కలిపి చేస్తున్నారు. హాస్పిటల్లో పెట్టుకుని అన్న మాట గమనించండి. నైట్ అవుట్ కొట్టిన మర్నాడు ఏదో హుషారుగా అనిపించి, ఇదే నా ట్రీట్‌మెంట్ అనుకున్న మిత్రుడు నాకొకడున్నాడు.

ఎందుకంత జాగ్రత్త అంటే బైపోలార్. డిప్రెషన్‌గా కనిపించేదాని వెనక కొందరికి బైపోలార్ ఉంటుంది. అంటే ఇంకో దశలో నిద్ర అవసరమే లేనట్టు, ఆలోచనలు పరుగెడుతున్నట్టు, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేసేటట్టు ఉంటారు. వాళ్ళకి నిద్ర మాన్పించినా, పొద్దున బలమైన వెలుతురు ఇచ్చినా, ఒక్కోసారి డిప్రెషన్ మందు ఒక్కటే ఇచ్చినా, ఆ రెండో దశ తన్నుకురావచ్చు. మా ఇంట్లో ఎవరికైనా అలాంటిది ఉందా అని డాక్టర్ నన్ను రెండుసార్లు అడిగారు. నాన్నకి కోపం వచ్చింది కానీ అది అడగాల్సిన ప్రశ్నే. కంటి జబ్బులున్నవాళ్ళు కూడా లైట్ బాక్స్‌కి ముందు కంటి డాక్టర్‌కి చూపించుకోవాలి.

మందుల్లో గడియారం మీద నేరుగా పనిచేసేది ఒకటుంది, ఆగోమెలాటిన్. మెలటోనిన్ పట్టుకునే తాళాలనే ఇదీ పట్టుకుంటుంది, డిప్రెషన్‌కి వాడతారు. వాడేటప్పుడు లివర్ టెస్టులు చేయించుకుంటూ ఉండాలి. నా మందు అది కాదు. నా మందు పేరు ఇక్కడ రాయను, ఎవరి మందు వాళ్ళది. హాస్టల్లో క్రోసిన్ పంచుకున్నట్టు పంచుకునేవి కావివి.

మందు కాని ట్రీట్‌మెంట్ ఒకటి నాకు బాగా నచ్చింది. పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ బైపోలార్ వాళ్ళ కోసం తయారుచేసింది. రోజులో కొన్ని పనులు ఎప్పుడు జరిగాయో రాయమంటారు: మంచం దిగింది, మొదటి మనిషితో మాట్లాడింది, పని మొదలుపెట్టింది, రాత్రి తిన్నది, పడుకున్నది. వాటిని మెల్లగా ఒకే టైముకి తెస్తారు. సూర్యుడొక్కడే కాదు, మనుషులూ మనకి టైమ్ సర్వర్లే అన్నమాట. డిప్రెషన్‌లో మొదట ఆగిపోయేది ఆ "మొదటి మనిషి"తో మాట. మా రూమ్మేట్‌కి ఇది చెప్పాక వాడు చేసిందల్లా రోజూ ఏడున్నరకి "టిఫిన్‌కి వస్తున్నావా?" అని అడగడం. తోటకూర కట్టలా వేలాడుతూ అయినా వెళ్ళేవాణ్ణి. లేచాక ఎక్కడికో వెళ్ళాల్సిన పని ఉండాలి, లేకపోతే లేచే టైము కాగితం మీదే ఉంటుంది.

ఇంట్లో చెప్పడం గురించి అడిగేవాళ్ళుంటారని రాస్తున్నా. మా నాన్న పొలానికి కరెంటు రాత్రి ఏ టైముకి ఇస్తే ఆ టైముకి లేచి మోటారు వేసే మనిషి. డిప్రెషన్ అనే మాటకి ఆయన ముఖం మూసుకుపోయింది. గడియారం అనే మాటకి మాత్రం విన్నాడు. రాత్రి డ్యూటీ వారాల్లో తనకి పగలు నిద్ర పట్టక ఎంత చిరాకొచ్చేదో తనే చెప్పాడు. "అదే చిరాకు నాకు రెండేళ్ళుగా ఉంది నాన్నా" అన్నాను. అమెరికా టైముకి పనిచేసే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళల్లోనూ ఈ మాట పనిచేస్తుందనుకుంటా. అక్కడ గడియారం బాగానే ఉంటుంది, ఉద్యోగమే తప్పు టైమ్ జోన్‌లో ఉంటుంది. మనలో చాలామందికి రాబోయే ఆఫర్ లెటర్లలో ఆ షిఫ్టు కూడా ఉండొచ్చు కాబట్టి చదివి పెట్టుకోండి.

నా లెక్క ఇప్పుడు ఇది. పడుకునేది పన్నెండున్నర, లేచేది ఏడున్నర. రాత్రి పది తర్వాత గదిలో ట్యూబ్‌లైట్ తీసి టేబుల్ ల్యాంపే. వరసగా రెండు రాత్రులు మూడింటిదాకా మేలుకుంటే నాలుగు రోజుల్లో మళ్ళీ మూడున్నరకి జారిపోతుంది, సంక్రాంతి సెలవుల్లో అలాగే జరిగింది, మళ్ళీ అరగంటలు కూడబెట్టాను. ఆదివారం కూడా ఎనిమిదిన్నర దాటి పడుకోను. ఇది కొందరికి కళ్ళజోడు లాంటిది, పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. డిప్రెషన్ మందు కనీసం ఇంకో ఆరు నెలలు వాడాలన్నారు, బాగుందని నా అంతట నేను ఆపకూడదన్నారు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి, దొరికితే నిద్ర జబ్బులు చూసే డాక్టర్ దగ్గరికి కూడా. ఊళ్ళో ఇద్దరూ లేకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే నిద్ర, గడియారం, ఈ వ్యాసం అన్నీ పక్కనపెట్టి ఆ రోజే ఫోన్ చేయండి, పక్క గదివాణ్ణి లేపండి, రాత్రి రెండైనా సరే.

అంత అత్యవసరం కాకపోతే వెళ్ళే ముందు రెండు వారాలు ఒక కాగితం మీద రాసుకోండి: మంచమెక్కిన టైము, సుమారుగా నిద్ర పట్టిన టైము, లేచిన టైము, ఆ రోజు అలారం పెట్టారా లేదా, పగలు మూడ్ పదికి ఎంత. యాప్‌లు అక్కర్లేదు. ఆ రెండు వారాల్లో కనీసం నాలుగైదు రోజులు అలారం లేని రోజులు ఉండేలా చూసుకోండి, అంటే సెలవులు కలిసొచ్చేలా. డాక్టర్ ముందు చూసేది ఆ రోజుల వరసనే.